ఉప్పు వెయ్యని బకెట్టు

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం పన్నెండున్నరకు సైరన్ మోగిందంటే మూడు వందల ఇరవై మంది క్యాంటీను మీద పడతారు. వాళ్ళలో జీతం చాలదని గొణిగేవాళ్ళున్నారు, ఫ్యాను తిరగదని గొణిగేవాళ్ళున్నారు, పక్కవాడికి తిరుగుతోందని గొణిగేవాళ్ళూ ఉన్నారు. వంటలో ఉప్పు గురించి మాత్రం పంతొమ్మిదేళ్ళుగా ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అందుకే పెద్ద వంటావిడకు తూకమక్క అని పేరు పెట్టుకున్నారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటుంది కాబోలు, దానితో ఎవరికీ పని పడలేదు.

ఆ తూకమక్కకు రెండేళ్ళుగా చేతులు స్వాధీనంలో లేవు. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు, ముడుచుకున్నవి తెరుచుకోవు. మణికట్లు వాచి వేడిగా ఉంటాయి. రెండు గంటలు గడిస్తేగాని చెయ్యి చెయ్యిలా పనిచెయ్యదు. ఆవిడ భర్త బస్సు డ్రైవరు, తెల్లవారకుండానే డ్యూటీకి వెళ్ళిపోతాడు. వెళ్ళేముందు పళ్ళపేస్టు మూత తీసి, భార్యకు అందేచోట పెట్టి వెళ్ళేవాడు. ఈ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆసుపత్రి డాక్టరు రక్తపరీక్షలు చేయించి, ఒంట్లో వాపు బాగా ఎక్కువగా ఉందని, కీళ్ళవాతమని చెప్పి మాత్రలు రాశాడు. మాత్రలకు నొప్పి కొంత సర్దుకునేది గాని వాపు పూర్తిగా లొంగలేదు. దానికి తోడు కడుపుబ్బరం, నోరంతా చేదు, తిన్నది గొంతులోనే ఉన్నట్టుండటం. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఒకరోజు పప్పు కలుపుతుండగా పెద్ద గరిటె చేతిలోంచి జారింది. ఆ గరిటె మనిషి భుజం ఎత్తుంటుంది. అది పడ్డ చప్పుడుకు మేనేజరు తన గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

మేనేజరు చెడ్డవాడేం కాదు. తనకీ పైన చెప్పేవాళ్ళున్న మనిషి, అంతే. "రెండు నెలలు చూస్తానమ్మా," అన్నాడు. "అప్పటికీ గరిటె తిప్పలేకపోతే నిన్ను పళ్ళేలు అందించే కిటికీ దగ్గర కూర్చోబెడతాను. జీతం తగ్గించను. గరిటె మీ చిన్నావిడ పట్టుకుంటుంది."

చిన్నావిడంటే తూకమక్క తోటికోడలు, మరిది భార్య. ఒకే ఇంట్లో కింద వాటా వీళ్ళది, పై వాటా వాళ్ళది. క్యాంటీనులోనూ ఒకే గోడవారన ఇద్దరి పొయ్యిలూ. పదేళ్ళ కిందట ఆమెను పనిలో పెట్టించింది తూకమక్కే, ఆ సంగతి పదేళ్ళుగా గుర్తుచేస్తున్నదీ తూకమక్కే. ఆ పిల్ల నోట్లోంచి మాట రావడమంటే బావిలోంచి బండ లాగినంత పని. అలాంటివాళ్ళను చూస్తే నోరున్నవాళ్ళకు అనుమానం ఎక్కువ. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చానని ఊరికే అన్నారా? గరిటె పోవడం ఒక ఎత్తు, అది ఆ చేతికి పోవడం ఇంకో ఎత్తు.

పైగా బకెట్టు సంగతొకటి ఉంది. చిన్నావిడ రోజూ పప్పు ఉడకగానే, తూకమక్క ఉప్పు వెయ్యకముందే, ఒక స్టీలు బకెట్టుడు పప్పు తీసి మూతపెట్టి పిండిడబ్బాల వెనక దాచేది. సైరన్‌కు ముందు తూకమక్క మొహం కడుక్కుని వచ్చేసరికి బకెట్టు ఖాళీగా కడిగేసి ఉండేది. తను వేరుగా తాలింపు పెట్టి మేనేజరుకు రుచి చూపిస్తోందని తూకమక్క లెక్క. అడిగితే లోకువైపోతానని అడగలేదు. అడగలేదుగాని, మేనేజరుతో మాత్రం అనేసింది: "మా తోటికోడలికి నాలుక లేదు బాబూ. గరిటె దాని చేతికిస్తే మూడొందలమందీ చప్పిడి తింటారు. ఆపైన మీ ఇష్టం."

ఆ వారంలోనే కాజాలు కుట్టే ఆవిడ ఒక ఆయుర్వేదం డాక్టరమ్మ గురించి చెప్పింది. టైర్ల దుకాణం మీద గది. ఇరుకైన ఇనప మెట్లు, ఒక బల్ల, రెండు కుర్చీలు, మూతల మీద కాగితాలు అంటించిన సీసాలు, కిటికీలో వేడినీళ్ళ ఫ్లాస్కు. డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవు. పిట్ట కొంచెం, కూత ఘనం. అరగంటసేపు ఒక్క మందు మాట ఎత్తకుండా ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు లేస్తావు, విరేచనం సాఫీగా అవుతుందా, తిన్నాక నిద్రొస్తుందా, కోపం ఎప్పుడొస్తుంది? పెళ్ళిచూపుల్లో మా అత్తగారు కూడా ఇన్ని అడగలేదే అనుకుంది తూకమక్క.

"రోజుకి ఎన్నిసార్లు తింటావమ్మా?"

"ఒక్కసారే. అదీ మూడున్నరకి, అందరిదీ అయ్యాక అడుగూబొడుగూ. పొద్దున్న ఓ టీ. గాలి పీల్చి బతుకుతున్నాననుకోండి."

"తినేటప్పుడు ఆకలేస్తుందా?"

"ఆకలా? దాని మొహం చూసి రెండేళ్ళైంది."

డాక్టరమ్మ నాలుక చాపమంది. సున్నం కొట్టినట్టు తెల్లగా, మందంగా పూత. "రుచి సరిగ్గా తెలుస్తోందా నీకు?"

తూకమక్కకు ఒళ్ళు మండింది. "నన్ను అడుగుతున్నారా? నా వంటలో ఉప్పు తప్పిందని పంతొమ్మిదేళ్ళలో ఒక్కళ్ళనలేదు. ఈమధ్య ఉప్పులోనే ఉప్పు ఉండటం లేదు. మూడు గరిటెలు వేసే చోట ఇంకో అర పడుతోంది. కంపెనీ మార్చినట్టున్నారు."

డాక్టరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చి, నెమ్మదిగా చెప్పింది. "ఒంట్లోనూ ఓ పొయ్యి ఉంటుందమ్మా. జఠరాగ్ని అంటాం. అది బాగా మండితే తిన్నది ఒంటపడుతుంది. మందగిస్తే తిన్నది సగమే ఉడికి, జిగురులా మారి ఒళ్ళంతా తిరుగుతుంది. దాన్ని ఆమం అంటాం. అది కీళ్ళలో చేరి కూర్చుంటే ఈ వాపు, ఈ బిగుసుకుపోవడం. మా పుస్తకాల్లో దీని పేరు ఆమవాతం. మీ డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దు, ఆయన కీళ్ళలో మంట ఆర్పుతున్నాడు. కట్టెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మనం చూద్దాం."

"ఒంటిపూట తినేదాని పొయ్యి ఎందుకు మందగిస్తుందండీ?"

"అదే నాకూ అర్థం కాలేదు," అంది డాక్టరమ్మ. "అర్థం కాకుండా మందు ఇవ్వను."

తెలియదన్న మాట డాక్టరు నోట వినడం తూకమక్కకు అదే మొదలు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళను చాలామందిని చూసింది. తెలియదని ఇంత ధైర్యంగా చెప్పిన ఈ చిన్న మనిషి మీద ఆవిడకు అక్కడికక్కడే గౌరవం పుట్టింది.

డాక్టరమ్మ యాభై ఎండు బఠాణీలు పొట్లం కట్టి ఇచ్చింది. ఏప్రాన్ కుడిజేబులో పోసుకోవాలి. మంచినీళ్ళు తప్ప ఏది గొంతు దిగినా ఒక బఠాణీ ఎడమజేబులో వెయ్యాలి. "నేనూ వేసుకుంటాను ఈ వారం," అంది. "రోగి చెయ్యాల్సింది నేను చెయ్యకుండా ఎవరికీ చెప్పను."

మూడురోజుల తరవాత తూకమక్క ఆరోజు లెక్కకు నాలుగే నాలుగు బఠాణీలు బల్లమీద పెట్టింది. టీ రెండు, భోజనం ఒకటి, ఎవరో పుట్టినరోజని పెట్టిన మిఠాయి ఒకటి. ముక్కుసూటి మనిషి, అబద్ధం చెప్పలేదు. డాక్టరమ్మ సిగ్గుపడుతూ తన పదకొండూ పక్కన పెట్టింది. ఆ నాలుగింటినీ చూసి, ఉన్నట్టుండి అడిగింది.

"ఉప్పు సరిపోయిందో లేదో నీకెలా తెలుస్తుందమ్మా?"

"రుచి చూస్తాను."

"చూసి ఉమ్మేస్తావా?"

"భలేవారే! గొంతు దిగితేగా ఉప్పు తెలిసేది."

"మరి దానికి బఠాణీ వేశావా?"

తూకమక్క తెల్లబోయింది. "రుచి చూడ్డం తినడం ఎలా అవుతుందండీ? అది పని."

లోకంలో వంటవాళ్ళంతా చేసే పొరపాటే ఇది. కుట్టుపనివాడు తను కుట్టిన చొక్కా తొడిగి చూస్తే అది తొడుక్కోవడం కాదనుకున్నట్టే. మర్నాడు తూకమక్క లెక్క సరిగ్గా వేసింది. పప్పు, కూర, చారు, అన్నం పలుకు, మళ్ళీ పప్పు, కూరలో కారం, మళ్ళీ కూర. పదిన్నరయ్యేసరికి కుడిజేబు ఖాళీ. క్యాంటీను బఠాణీల సంచిలోంచి ఇంకో గుప్పెడు తీసుకోవలసి వచ్చింది. సాయంత్రం డాక్టరమ్మ ముందు పోస్తే డెబ్భై నాలుగు లెక్కతేలాయి.

"అన్నం సగం ఉడికాక అందులో గుప్పెడు పచ్చి బియ్యం పోస్తావా?" అంది డాక్టరమ్మ.

"ఏ బుద్ధిలేనిది పోస్తుందండీ? ఇదీ ఉడకదు, అదీ ఉడకదు. ముద్దయి అడుగంటుతుంది."

"రోజుకి డెబ్భై నాలుగుసార్లు పోస్తున్నావు."

వంట గురించి ఆవిడకు ఒకరు చెప్పడం, అదీ ఆవిడే నిజమని ఒప్పుకోవలసి రావడం! కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఇంత చదువు చదివి, ఆ చదువునంతా ఒక అన్నం గిన్నెలో పట్టించి చెప్పగలిగినందుకు ఆ డాక్టరమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. వేళ్ళు కలవలేదు గాని, పెట్టింది.

ఇప్పుడు మందు రాసింది డాక్టరమ్మ. ఒక చేదు కషాయం, శొంఠి వేసి కాచిన వేడినీళ్ళు. మాత్రలు ఎప్పటిలాగే వేసుకుంటూ, నెల తిరిగేసరికి మళ్ళీ రక్తపరీక్ష చేయించి ఆసుపత్రి డాక్టరుకు చూపించాలి. పదకొండింటికి కూర్చుని, వేడిగా, ఒక్కసారి భోజనం చెయ్యాలి. మళ్ళీ రాత్రి తేలిగ్గా. మధ్యలో నోట్లో ఏదీ పడకూడదు, గరిటె అంచున అంటుకున్నది కూడా.

"మరి రుచి ఎవరు చూస్తారు?"

"నీ పక్కన ఎవరుంటారు?"

"నా తోటికోడలు," అంది తూకమక్క. కషాయం ఇంకా తాగకుండానే మొహం చేదయింది.

ఆ రాత్రి భర్తతో అంది, చెయ్యి కావాలంటే నాలుక దాని చేతిలో పెట్టాలట అని. ఆయన, "బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు చూసి చెబుతాడు. నాకు అవమానమా?" అన్నాడు. తూకమక్క గోడవైపు తిరిగి పడుకుంది. నిజమే అనిపించినప్పుడల్లా ఆవిడ గోడవైపే తిరుగుతుంది.

మర్నాడు పప్పు ఉడికింది. చిన్నావిడ ఎప్పటిలాగే బకెట్టుడు తీసి వెనక పెట్టుకుంది. తూకమక్క చూసీ చూడనట్టు ఉప్పుగరిటె తీసుకుని మూడు వేసింది. అలవాటు కొద్దీ చెయ్యి నోటిదాకా వచ్చి ఆగింది. రుచి చూస్తేగా ఇంకో అర వెయ్యాలో వద్దో తెలిసేది? ఆగిపోయింది. పదేళ్ళలో ఎన్నడూ అననిది అంది.

"ఏమే, ఇలా వచ్చి ఉప్పు చూడు."

చిన్నావిడ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. దగ్గరికొచ్చి, అరచేతిలో కాస్త పోసుకుని ఊదుకుంటూ చప్పరించింది. మళ్ళీ పోసుకుని చప్పరించింది. పెద్ద గిన్నెవైపు చూసింది, పిండిడబ్బాలవైపు చూసింది, అక్కవైపు చూసింది.

"సరిపోయింది," అని మాత్రం అంది.

దాని సరిపోవడం ఎవడికి కావాలి! తూకమక్కకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆరోజు మొహం కడుక్కోవడానికి కూడా పోకుండా పళ్ళేల కిటికీ వెనక నిలబడి మొదటి ముద్ద తినే మొహాలన్నీ చూసింది. ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనని, ఉప్పుడబ్బా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. రోజూలాగే తిన్నారు, రోజూలాగే ఫ్యాన్ల గురించి గొణిగారు, వెళ్ళిపోయారు.

రెండున్నరకు గట్లు తుడుస్తుంటే పిండిడబ్బాల వెనక బకెట్టు కనబడింది. మూత తీస్తే నిండుగా ఉంది.

"ఏం, ఇవాళ మేనేజరుగారు రుచి చూడ్డానికి రాలేదా?" అంది తూకమక్క, కత్తి దూసినట్టు.

"మేనేజరుగారా? ఆయనకెందుకక్కా?"

"మరి ఈ బకెట్టు ఎవరికే? రోజూ ఖాళీ అయ్యేది, ఇవాళ ఎందుకు మిగిలింది?"

చిన్నావిడ తడిగుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"ఇవాళ అక్కర్లేకపోయిందక్కా," అంది.

తూకమక్క ఆ మాట అర్థం చేసుకోవడానికి అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చోవలసి వచ్చింది. మూడు గరిటెలకు ఇంకో అర. ఉప్పులో ఉప్పు లేదని తిట్టిన ఆ అర గరిటె. తను మొహం కడుక్కుని వచ్చేలోపల ఖాళీ అయిన బకెట్టు. ఉప్పు వెయ్యని ఆ పప్పు ఎక్కడికి పోయిందో తెలిసింది. రోజూ తిరిగి పెద్ద గిన్నెలోకే పోయింది. ఇవాళ రుచి చూడకుండా పాత చేతి అలవాటుతో వేసింది గనక సరిపోయింది. తూకం తప్పింది చెయ్యి కాదు.

"ఎన్నాళ్ళనుంచే?"

"నీ వేళ్ళు వాచినప్పట్నుంచీ. రెండేళ్ళవుతుంది. కూరలో అయితే ఉడికించిన దుంపలు కలిపేదాన్ని."

"నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదే?"

చిన్నావిడ నేలకేసి చూస్తూ, బతుకులో ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడింది. "నీ చేతులు అలా అయిపోయాయి. నీకు మిగిలింది ఆ పేరొక్కటే. ఉప్పెక్కువైందని నేనంటే, నవ్వుతున్నాననుకుంటావు. నువ్వు బాధపడతావని... ఓ బకెట్టు పప్పేగా అక్కా. ఏం కష్టం?"

తూకమక్క ఏడ్చింది. ఏప్రాన్ అడ్డుపెట్టుకోకుండా, వెక్కిళ్ళు పెట్టుకుంటూ ఏడ్చింది. రెండేళ్ళపాటు రోజూ బకెట్టు మోసి, నోరు మెదపని ఈ మనిషికి నాలుక లేదని తను చెప్పి వచ్చింది. నాలుక లేనిది ఎవరికి? ఇంతటి మనిషిని పక్కన పెట్టుకుని ఆమె నవ్వుతుందేమోనని భయపడుతూ బతికింది. సిగ్గుతో తల దించుకోవలసింది గాని, తలెత్తి ఆ పిల్లను తేరిపార చూసింది. ఇన్నేళ్ళలో సరిగ్గా చూడటం అదే మొదలేమో.

జబ్బు ఒక్కపూటలో పోలేదు. అలా పోయేదైతే అది జబ్బే కాదంది డాక్టరమ్మ. కషాయం, పథ్యం, మాత్రలు, పదకొండింటి భోజనం. మూడోవారానికి కడుపుబ్బరం తగ్గింది. నెలకు నాలుక మీద సున్నం అంచుల్లో వదిలింది. ఆసుపత్రి డాక్టరు కొత్త రక్తపరీక్ష చూసి, వాపు దిగుతోంది, మాత్ర కాస్త తగ్గిద్దామన్నాడు. రెండు గంటల బిగుసుకుపోవడం నలభై నిమిషాలకు వచ్చింది. ఒకరోజు డ్రైవరుగారు డ్యూటీనుంచి వచ్చేసరికి పేస్టు మూత గట్టిగా బిగించి ఉంది. ఆయన దాన్ని తిప్పి చూసి, మళ్ళీ బిగించి, బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు.

చెప్పిన రోజుకు మేనేజరు వచ్చాడు. తూకమక్క గరిటె పట్టుకుని ఆరు చుట్లు తిప్పింది. ఏడో చుట్టుకు మణికట్టు మొరాయించింది. పక్కకు జరిగి, "పట్టుకోవే," అంది. చిన్నావిడ పై పిడి పట్టుకుంది, తూకమక్క కింద పట్టుకుంది. గరిటె తిరిగింది.

"బాబూ, మీకొకటి చెప్పాలి," అంది తూకమక్క, చెయ్యి ఆపకుండా. "దీనికి నాలుక లేదని మీతో అన్నాను. రెండేళ్ళుగా ఇక్కడ నాలుకంటూ ఉన్నది దీనొక్కదానికే. నా వంట ఉప్పుకషాయమైతే రోజూ ఇది సరిచేసి, నా పేరు నాకు నిలబెట్టింది. గరిటె దీనికివ్వాలంటే ఇవ్వండి. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను."

చిన్నావిడ గాభరాగా తల అడ్డంగా ఊపింది. మేనేజరు ఇద్దర్నీ చూసి బుర్ర గోక్కున్నాడు. "పిడి అంత పొడుగుందిగా. ఇద్దరూ పట్టుకోండి," అని వెళ్ళిపోయాడు. ఆయన జన్మలో తీసుకున్న తెలివైన నిర్ణయం అదేనని నా నమ్మకం.

ఇప్పుడు పదకొండయిందంటే ఇద్దరూ పొయ్యిలు తగ్గించి, ఎత్తుపీటలు లాక్కుని భోజనానికి కూర్చుంటారు. బకెట్టు ఇప్పుడూ ఉంది, చిన్నది. అందులోది వాళ్ళ పప్పు, చిన్నావిడే ఉప్పు వేస్తుంది. ఒకరోజు తూకమక్కకు పదింటినుంచే కడుపులో కరకరమంటోంది. ఇదేమిటా అనుకుని, ఆకలని గుర్తుపట్టి, పాత చుట్టం వచ్చినట్టు సంబరపడింది. వేడి అన్నంలో పప్పు కలిపి మొదటి ముద్ద పెట్టుకోగానే ఆగింది.

"ఏమే, ఉప్పు కాస్త ఎక్కువైనట్టుందే?"

చిన్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కావాలనే అర చెంచా ఎక్కువ వేసింది. వారంనుంచీ రోజూ వేస్తూనే ఉంది, అక్క ఎప్పుడు కనిపెడుతుందా అని. చెయ్యి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. భుజాలు కదిలేలా, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. తోటికోడలు నవ్వుతుంటే తూకమక్క ముద్ద చేతిలో పట్టుకుని, కడుపు నిండిపోయినట్టు చూస్తూ కూర్చుంది. తరవాత, వేడి చల్లారిపోకముందే, తినేసింది.